సంతకం లేని పనికి ఇంజినీరింగ్ పేరు

రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ నుంచి కంది ఐఐటీ దాకా, 65వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న కాలేజీల్లో, శిక్షణ కేంద్రాల్లో, ఫ్యాక్టరీల ట్రైనింగ్ హాళ్లలో ఇప్పుడొక మాట చలామణిలో ఉంది. ఏఐ సాధనాలకు సూచనలు రాయడం ఇంజినీరింగ్‌లో కొత్త శాఖ అనీ, సివిల్, మెకానికల్, కెమికల్ సరసన ప్రాంప్ట్ ఇంజినీరింగ్‌కీ పీట వేయాలనీ అంటున్నారు. పాలిటెక్నిక్ ముగించుకుని పాశమైలారంలో అప్రెంటిస్‌గా చేరబోయే కుర్రాడికి, కొన్ని వారాల కోర్సు చేస్తే ఆ బిరుదు దక్కుతుందని చెబుతున్నారు. వినేవాళ్లలో ఎక్కువమంది తలూపుతున్నారు. నేను ఒప్పుకోను. ఈ పని విలువైనదే, నేర్చుకోదగ్గదే. కానీ ఇంజినీరింగ్ అన్న పేరు దానికి ఇవాళ తగదు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం లాంటి చోట్ల ఆ పేరు పెట్టడం వల్ల మనుషులకు నష్టం కూడా ఉంది.

ఎదుటి పక్షం వాదనను దాని పూర్తి బలంతోనే చెప్పుకోవాలి. నిన్నటిదాకా యంత్రానికి పని చెప్పాలంటే కోడ్ రాయాల్సి వచ్చేది, ఇప్పుడు మామూలు భాషలో చెబితే చాలు. కోడ్ రాసినవాణ్ని ఇంజినీరు అన్నప్పుడు మాట రాసినవాణ్ని ఎందుకు అనకూడదన్నది వాళ్ల ప్రశ్న. సూచన రాసే తీరును బట్టి ఫలితం మారుతుందనడానికి వాళ్ల దగ్గర గట్టి ఆధారాలే ఉన్నాయి. 2022లో టోక్యో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు ఒక భాషా మోడల్‌కు అంకగణితం లెక్కలిచ్చారు. నేరుగా అడిగితే నూటికి 18 లెక్కలు కూడా సరిగ్గా రాలేదు. దశలవారీగా ఆలోచించమని ఒక చిన్న వాక్యం చేర్చగానే సరైన జవాబులు 17.7 శాతం నుంచి 78.7 శాతానికి పెరిగాయి. 2023లో అమెరికాలో ఒక ఏఐ కంపెనీ ఈ పనికి ఏడాదికి 3,35,000 డాలర్ల దాకా జీతం ప్రకటించింది. కాబట్టి నైపుణ్యం ఉంది, ఫలితం ఉంది, జీతం కూడా ఉంది. ఇంకేం కావాలని అడుగుతున్నారు.

ఇంకేం కావాలో ఈ పారిశ్రామికవాడల్లోనే కనిపిస్తుంది. ఏ మందుల ఫ్యాక్టరీకి వెళ్లినా వెనకవైపు ఒక బాయిలర్ ఉంటుంది. దాని ఒంటి మీద రిజిస్ట్రేషన్ నంబరు చెక్కి ఉంటుంది. ఎంత పీడనం దాకా నడపవచ్చో ధ్రువపత్రంలో అంకె ఉంటుంది. నీటి మట్టం చూసేందుకు రెండు గాజు గొట్టాలుంటాయి, ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకోవడానికి. పీడనం హద్దు దాటితే తనంతట తాను తెరుచుకునే సేఫ్టీ వాల్వు ఉంటుంది. అది ఏ అంకె దగ్గర తెరుచుకోవాలో సరిచేసి, ఆ తర్వాత ఎవరూ కదిలించకుండా సీలు వేస్తారు. గడువు ముగిస్తే మళ్లీ తనిఖీ జరగాలి, కొత్త ధ్రువపత్రం రావాలి. దాని ముందు నిలబడే అటెండెంటును ఎవరూ ఇంజినీరు అనరు. అయినా ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చిన యోగ్యతా పత్రం అతడి దగ్గర ఉండి తీరాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చినా ఆ కట్టుబాటు పోలేదు.

ఇంజినీరింగ్ తెలివితేటలకు ఇచ్చే పతకమైతే ఈ వాడల్లో ఎందరో పాత ఫిట్టర్లకు అది ఎప్పుడో దక్కాలి. ఒక వస్తువు ఎలా ప్రవర్తిస్తుందో తయారుచేయకముందే చెప్పగలగాలి. ఏ హద్దు దాటితే చెడుతుందో అంకెల్లో చెప్పగలగాలి. చెప్పినదాని కింద పేరు రాసి, తేడా వస్తే నిలబడి జవాబు చెప్పాలి. ఈ మూడూ ఉన్న పనినే సమాజం ఇంజినీరింగ్ అని నమ్మింది. ప్రాంప్ట్ రాయడాన్ని ఈ మూడింటితోనే తూచి చూడాలి.

అంతకన్నా ముందు ఇంకో సంగతి. సూచనలు రాయడం పటాన్‌చెరుకి కొత్త పని కాదు. ఇక్కడి మందుల ఫ్యాక్టరీలు నడిచేదే రాతపూర్వకమైన సూచనల మీద. రియాక్టర్‌లో ఏది ముందు పోయాలి, ఎంత వేడి దాకా తీసుకెళ్లాలి, ఎంతసేపు కలపాలి, ఎప్పుడు శాంపిల్ తీయాలి అన్నదంతా ఎస్ఓపీలో (పని చేసే తీరు చెప్పే పత్రం), బీఎంఆర్‌లో (బ్యాచ్ తయారీ రికార్డు) ఉంటుంది. ప్రతి ఎస్ఓపీకి ఒక నంబరు, ఒక వెర్షన్, అమల్లోకి వచ్చిన తేదీ ఉంటాయి. రాసినవాళ్ల, సరిచూసినవాళ్ల, ఆమోదించినవాళ్ల సంతకాలు విడివిడిగా ఉంటాయి. బీఎంఆర్‌లో కెమిస్టు ఒక అంకె తప్పు రాస్తే దాన్ని చెరిపేయడానికి లేదు, వైట్‌నర్ పూయడానికి అసలే లేదు. ఒక్క గీతతో కొట్టేసి, కింది అంకె కనబడేలా ఉంచి, పక్కన సరైన అంకె రాసి, కారణం, సంతకం, తేదీ వేయాలి. సూచనలో ఒక్క మాట మార్చాలన్నా ఛేంజ్ కంట్రోల్ పెట్టాలి. ఆ మార్పు వల్ల ఏం తేడా వస్తుందో నాణ్యతా విభాగం (క్యూఏ) వాళ్లు పరిశీలించి ఒప్పుకుంటేనే మారుతుంది.

ఇంత కట్టుదిట్టంగా సూచనలు రాసేవాళ్లను కూడా ఈ వాడల్లో ఎవరూ ఎస్ఓపీ ఇంజినీర్లు అనలేదు. వాళ్లూ ఆ పేరు అడగలేదు. ఆ కాగితం వెనక ఉన్న రసాయన ప్రక్రియను రూపొందించినవాడు, ల్యాబ్‌లో గ్రాముల్లో జరిగింది ప్లాంటులో వందల కిలోల్లో జరిగితే వేడి ఎటు పోతుందో లెక్క కట్టినవాడు ఇంజినీరు. కాగితం ఆ లెక్కను షిఫ్టులో ఉన్న మనిషి చేతికి అందిస్తుంది. అందించడం చిన్న పనేమీ కాదు, సరిగ్గా రాయని ఎస్ఓపీ ప్రాణాలు తీస్తుంది. అయినా రాయడం వేరు, రాసినదానికి ఆధారమైన లెక్క వేరు. వెర్షన్ నంబరూ సంతకమూ లేకుండా, పొద్దున ఒకలా సాయంత్రం ఇంకోలా రాసుకునే ప్రాంప్ట్‌కు మాత్రం ఆ పేరు ఎందుకు ఇవ్వాలి?

ఇక మొదటి కొలత, ముందే చెప్పగలగడం. 2023లో అమెరికా పరిశోధకులు కొన్ని భాషా మోడళ్లకు ఒకే ప్రశ్నను రకరకాల రూపాల్లో ఇచ్చారు. అర్థం మార్చలేదు. కోలన్ ఉన్న చోట ఇంకో గుర్తు, ఒక ఖాళీ ఎక్కువ, ఇంగ్లిష్ పెద్దక్షరాలకు బదులు చిన్నక్షరాలు, అంతే. ఒక మోడల్ విషయంలో సరైన జవాబుల శాతంలో తేడా 76 పాయింట్ల దాకా వచ్చింది. ఏ గుర్తు పెడితే పెరుగుతుందో, దేనివల్ల తగ్గుతుందో పెట్టి చూడకుండా చెప్పే సూత్రం ఎవరి దగ్గరా లేదు. పెట్టి చూసి బాగున్నదాన్ని ఉంచుకోవడం తప్పేమీ కాదు, వంటింట్లో ఉప్పు సరిచూసుకునేదీ అలాగే. కానీ అలా దొరికినదాని మీద రేపటి బ్యాచ్‌కి పూచీ రాసివ్వలేం.

రెండో కొలత, హద్దును అంకెల్లో చెప్పగలగడం. దానికి ముందు వస్తువు నిలకడగా ఉండాలి. ఉక్కు రేకు కొంటే దాని గ్రేడు, బలం, పరీక్షా పత్రం దానితోపాటు వస్తాయి. రాత్రికి రాత్రి ఆ రేకు మరో లోహంగా మారిపోదు. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పరిశోధకులు 2023 మార్చిలో, మళ్లీ జూన్‌లో జీపీటీ-4కు ఒకే ప్రాంప్ట్‌తో ఒకే ప్రశ్నలు వేశారు. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని అడిగితే మార్చిలో 84 శాతం సరిగ్గా చెప్పింది, జూన్‌లో 51 శాతమే. ఆ కొలత పద్ధతి మీద విమర్శలు వచ్చాయి. ఎంత విమర్శించినా ఒక సంగతి మాత్రం మిగిలింది: సూచన అదే, అక్షరం మారలేదు, అవతల మోడల్ మారింది. రాసినవాణ్ని ఎవరూ అడగలేదు. ప్లాంటులో ముడిసరుకు సరఫరాదారు చెప్పాపెట్టకుండా సరుకు మారిస్తే డీవియేషన్ (తేడా నమోదు) రాస్తారు, లారీని గేటు దగ్గరే ఆపేస్తారు. ఇక్కడ ఆపడానికి గేటే లేదు.

తెలుగువాళ్లకు ఈ సంగతి ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. భాషా మోడల్ మన వాక్యాన్ని అక్షరాలుగానో పదాలుగానో చదవదు, టోకెన్లు అనే ముక్కలుగా చేసుకుంటుంది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్ఏఐ తానే ఒక ఉదాహరణ చూపింది: అంతకు ముందు 159 ముక్కలైన ఒక తెలుగు భాగం కొత్త పద్ధతిలో 45 ముక్కలైంది. ఇది మంచి మార్పే, ఖర్చు తగ్గింది, తెలుగు బాగుపడింది. కానీ అంతకు ముందు రోజు దాకా తెలుగులో ప్రాంప్ట్ రాసేవాడు తన వాక్యం 159 ముక్కలవుతోందని తెలుసుకునే రాశాడా? 45 అయ్యాక తన సూచన పనిచేసే తీరు ఎంత మారిందో లెక్క కట్టాడా? పనిచేసే పదార్థం లోపల ఏం జరుగుతోందో తెలియకపోవడం అతడి తప్పు కాదు, బయటివాళ్లకు అది తెలిసే మార్గమే తక్కువ. తెలియని పదార్థానికి పూచీ ఎవరూ రాయలేరన్నదే నా మాట.

ఈ నైపుణ్యం మనిషి చేతిలోనే ఎన్నాళ్లుంటుందో కూడా చూడాలి. 2023లో గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు ప్రాంప్ట్‌లు రాసే పనిని మోడల్‌కే అప్పగించారు. బడిపిల్లల లెక్కల పరీక్షలో మనుషులు కనిపెట్టిన దశలవారీ వాక్యంతో 71.8 శాతం వస్తే, యంత్రం వెతికి తెచ్చిన వాక్యంతో 80.2 శాతం వచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒక్కో అడుగూ వేయమని ఆ వాక్యం మోడల్‌కు చెబుతుంది. ఊపిరే లేని యంత్రానికి ఆ మాట ఎందుకు పనిచేసిందో వివరించే సిద్ధాంతం లేదు. ఆ ఒక్క వాక్యాన్ని బట్టీపట్టించి బిరుదు చేతిలో పెడితే, మోడల్ మారిన నాడు ఆ కుర్రాడి దగ్గర ఏం మిగులుతుంది?

మూడో కొలత పూచీ. దానికి ముందు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి, వాటిలో కొన్ని తీసిపారేయదగ్గవి కావు.

సాఫ్ట్‌వేర్‌ను కూడా మొదట ఇలాగే కాదన్నారు కదా అని అడుగుతారు. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సదస్సుకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అని పేరు పెట్టారు. ఆలోచన రెచ్చగొట్టాలనే ఆ పేరు ఎంచుకున్నామని సదస్సు నివేదికలోనే ఉంది. మిగతా ఇంజినీరింగ్ శాఖలకున్న సిద్ధాంత పునాదులు, పని క్రమశిక్షణ సాఫ్ట్‌వేర్‌కు ఇంకా లేవని, ఉండాలని గుర్తుచేయడానికి వాళ్లు ఆ పేరు వాడారు. అది చేరాల్సిన గమ్యం పేరు, చేరామన్న ప్రకటన కాదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పరీక్షా పద్ధతులు, వెర్షన్ నియంత్రణ, ప్రమాణాలు వచ్చాయి. వాటిని పాటించే చోట సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అయింది. పాటించని చోట అది ఇవాళ్టికీ కోడ్ రాయడమే. కోడ్ రాసినంత మాత్రాన ఎవరూ ఇంజినీరు కాలేదు గనక, మాట రాసినంత మాత్రాన కూడా కారు.

సిద్ధాంతం కన్నా ముందే యంత్రాలు వచ్చాయి కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం పేటెంటు 1769 నాటిది, ఆవిరి యంత్రం ఎందుకు పనిచేస్తుందో సాది కార్నో పుస్తకం రాసింది 1824లో. ఆ నడుమ కాలం అనుభవంతోనే గడిచింది. కానీ ఆవిరి కథను అక్కడే ఆపకూడదు. అనుభవం ఒక్కదానితో నడిచిన బాయిలర్లు వంద ఏళ్ల పాటు పేలుతూనే వచ్చాయి. 1905లో అమెరికాలోని బ్రాక్టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత మసాచుసెట్స్ రాష్ట్రం నిబంధనలు రాసింది, అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం 1914 బాయిలర్ కోడ్ తయారుచేసింది. పాశమైలారంలో బాయిలర్ మీద కనిపించే నంబరు, సీలు, హద్దు అంకె అలాంటి చావుల నుంచే పుట్టాయి. ఏఐకి సూచనలు రాసే పని ఇప్పుడు ఆ నడుమ కాలంలో ఉంది. ఉన్నందుకు తప్పు పట్టను. ఆ కాలం అయిపోయిందని పిల్లలకు చెప్పడాన్నే తప్పు పడుతున్నాను.

మూడో అభ్యంతరం అన్నింటిలో బలమైనది. కొందరు ప్రాంప్ట్‌లకు వెర్షన్ నంబర్లు వేస్తారు, వందల ప్రశ్నలతో పరీక్షిస్తారు, ఎక్కడ విఫలమైందో లెక్క రాస్తారు, మోడల్ మారినప్పుడల్లా మొత్తం పరీక్ష తిరిగి చేస్తారు. అది ఇంజినీరింగ్ కాదా? అవును, అది ఇంజినీరింగే. కాకపోతే అక్కడ ఇంజినీరింగ్ ఉన్నది పరీక్షలో, కొలతలో, విఫలమైతే నష్టం జరగకుండా కట్టిన అడ్డుకట్టల్లో. సూచన వాక్యం వాటి చేతిలో పరీక్షకు నిలబడే ఒక భాగం. ఆ పని చేయడానికి గణాంకశాస్త్రం కావాలి, ప్రోగ్రామింగ్ కావాలి, ఏ రంగంలో వాడుతున్నారో ఆ రంగం తెలియాలి. ఐఐటీ హైదరాబాద్ 2019లో దేశంలోనే మొదటిసారిగా ఏఐలో బీటెక్ మొదలుపెట్టింది; ఆ చదువుకు నాలుగేళ్లు పడుతుంది. రోడ్డు పక్క కోర్సుల్లో చెప్పేది ప్రాంప్ట్‌ల నమూనాల జాబితా. పరీక్షించి కొలిచేవాణ్నీ, ఆ జాబితా నేర్చుకున్నవాణ్నీ ఒకే పేరుతో పిలిస్తే నష్టపోయేది నిజంగా కష్టపడి చదివినవాళ్లే.

ఏఐ ఇంజినీరింగ్ ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. 1972లో పటాన్‌చెరులో పెట్టిన పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ 2016లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులతో ఒక ప్రయోగం చేసింది. రైతుకు అందింది చిన్న ఎస్ఎంఎస్, ఎప్పుడు విత్తాలో తెలుగులో చెప్పే సూచన. పైకి చూస్తే అదీ కొన్ని మాటలే. ఆ మాటల వెనక 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల వాతావరణ సమాచారం ఉంది. నేలలో తేమ పంటకు చాలుతుందో లేదో తేల్చే సూచీ ఉంది. చివర్లో దిగుబడి తూచి చూడటం ఉంది, సలహా పాటించినవాళ్లకు సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. సలహా తప్పయితే పొలంలోనే తేలిపోతుంది, సలహా ఇచ్చిందెవరో ఊరందరికీ తెలుసు. ఎస్ఎంఎస్‌లోని వాక్యాన్ని ఎంత బాగా రాసినా వెనక ఆ సూచీ లేకపోతే రైతు గింజలు ఎండిపోయేవి.

పేరులో ఏముంది, నాలుగు ఉద్యోగాలు వస్తే చాలదా అన్నది నాలుగో అభ్యంతరం. ఇక్కడే పూచీ ముందుకు వస్తుంది. తెలంగాణ ఏటా జూలై 11న నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జయంతిని ఇంజినీర్ల దినంగా జరుపుకుంటుంది. సంగారెడ్డి జిల్లా మీదుగా పారే మంజీర మీద నిజాంసాగర్ కట్టించిన మనిషి ఆయన. కట్ట నిలబడింది కాబట్టే ఆ పేరు మిగిలింది. జనం ఇంజినీరు మాట వినేది, అతడు చెప్పిన వంతెన మీద పిల్లల్ని ఎక్కించుకుని పోయేది ఆ నమ్మకంతోనే. మన దేశంలో ఇంజినీరు అన్న పేరుకు లాయరుకో డాక్టరుకో ఉన్నట్టు చట్టం కాపలా లేదు. బాయిలర్ అటెండెంటు దగ్గర, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ దగ్గర, ప్రెషర్ వెసల్ పరీక్షించేవాడి దగ్గర మాత్రం ఉంది. మిగతాచోట్ల ఆ పేరు విలువను కాపాడుతున్నది సమాజం పెట్టుకున్న నమ్మకం ఒక్కటే. దాన్ని చౌకగా పంచిపెడితే నిజమైన ఇంజినీరు వద్దన్నప్పుడు కూడా ఆ మాటకు బరువుండదు.

ఫ్యాక్టరీలో ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. ఎఫ్లుయెంట్ (వ్యర్థజలాల) ట్యాంకు కడగడానికి మనిషిని లోపలికి దించాలి. ముందు లోపలి గాలి పరీక్షించాలి: ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 దాటకూడదు; మండే ఆవిరి, విషవాయువు ఎంతున్నాయో చూడాలి. మనిషి లోపల ఉన్నంతసేపూ పరీక్ష ఆగకూడదు. బయట ఒకరు కదలకుండా కాపలా ఉండాలి, వాళ్లకు మరో పని చెప్పకూడదు. ఈ పనికి చెక్‌లిస్టు రాయమని నేను ఒక ఏఐ సాధనాన్ని అడిగాను. చక్కటి జాబితా వచ్చింది. అదే ప్రశ్నను కాస్త మాట మార్చి అడిగితే ఇంకో చక్కటి జాబితా వచ్చింది, అందులో పని నడుస్తుండగా గాలి పరీక్ష కొనసాగించాలన్న అంశం లేదు. రెండింటిలోనూ భాష శుభ్రంగా ఉంది, వరస బాగుంది, నమ్మకం ఉట్టిపడుతోంది. ఏది లేదో చెప్పగలిగేది ట్యాంకు పని తెలిసినవాడే. ప్రాంప్ట్ మాత్రమే తెలిసినవాడికి రెండూ ఒకటే. రెండో జాబితా మీద ఇంజినీరు అని బిరుదున్న కుర్రాడి పేరు ఉంటే, షిఫ్టు సూపర్‌వైజర్ మళ్లీ చూడకుండానే పర్మిట్ మీద సంతకం పెట్టే ప్రమాదం ఉంది. ప్రాణం పోయాక సాధనం చెప్పిందని అతడు, అతడు రాశాడని సూపర్‌వైజర్, తమ షరతుల్లో ముందే చెప్పామని సాధనం అమ్మిన కంపెనీ, ఎవరి దారిన వాళ్లు చేతులు దులుపుకుంటారు.

ఇది అతిభయం అనేవాళ్లు పాశమైలారాన్ని గుర్తుచేసుకోవాలి. 2025 జూన్ 30 ఉదయం సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడులో 54 మంది ప్రాణాలు పోయాయి. కొందరి దేహాలు కూడా దొరకలేదు. చాలామంది బతుకుతెరువు కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మాత్రల్లో కలిపే తెల్లటి పొడి. కారణాలూ బాధ్యులూ ఎవరో తేల్చడం దర్యాప్తుల, కోర్టుల పని, ఆ ప్రమాదానికి ఏఐతో ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది పొడి గురించి. గాలిలో లేచిన సన్నటి సేంద్రియ పొడి ఎంత చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది, అంటుకుంటే పీడనం ఎంత వేగంగా పెరుగుతుంది, ఆ పీడనం బయటికి పోవడానికి ఎంత పెద్ద పేలుడు ద్వారం పెట్టాలి అన్నవి కొలిచి తేల్చే అంకెలు. పీడనం పెరిగే వేగాన్ని కొలవడానికి 20 లీటర్ల గుండ్రటి పాత్ర వాడతారు. రేణువు సైజు మారితే, తేమ మారితే అంకె మారుతుంది. అందుకే పుస్తకంలోని పొడి లెక్క చాలదు, మన డ్రయర్‌లోంచి తీసిన పొడినే పరీక్షకు పంపాలి. ఏఐని అడిగితే అది ఎక్కడో చదివిన అంకె చెబుతుంది, స్పష్టంగా చెబుతుంది. ప్రాంప్ట్‌ను ఎంత తీర్చిదిద్దినా మన డ్రయర్‌లోని పొడి సంగతి దానికి తెలియదు. ఆ పొడిని డబ్బాలో పోసి ల్యాబ్‌కు పంపించి, వచ్చిన అంకె ప్రకారం ద్వారం సైజు గీసి, గీసిన బొమ్మ కింద సంతకం చేసేవాడే ఇంజినీరు.

ఇక్కడి మందులు కొనే దేశాలు ఈ తేడాను గుర్తించాయి. 2025 జూలైలో ఐరోపా కమిషన్ మందుల తయారీ నియమాలకు ఏఐ మీద అనుబంధం 22 ముసాయిదా విడుదల చేసింది. మందు నాణ్యతకూ రోగి భద్రతకూ నేరుగా సంబంధించిన పనుల్లో, ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ ఒకే ఫలితం ఇచ్చే స్థిరమైన మోడళ్లనే వాడాలని అందులో ఉంది. పెద్ద భాషా మోడళ్లను అలాంటి కీలకమైన చోట్ల వాడకూడదని, మిగతా చోట్ల వాడినా బాధ్యత మోసే అర్హత గల మనిషి ఉండి తీరాలని చెప్పింది. జిన్నారంలో తయారైన మందు ఐరోపా చేరాలంటే ఇలాంటి నియమాలే దారి చూపుతాయి. కీలకమైన చోట వద్దన్నది భాషా మోడల్‌ను, కోరుకుంటున్నది పూచీ పడే మనిషిని. ఆ మనిషిని తయారుచేయడం వదిలేసి ప్రాంప్ట్ నమూనాలు నేర్పితే మన పిల్లలకు ఆ ఉద్యోగాలు కూడా అందవు.

మరి ఏం చేయాలి? ఫ్యాక్టరీల్లో ఏఐ సాయంతో రాసిన ఏ ఎస్ఓపీ, పర్మిట్, శిక్షణ పాఠమైనా మిగతా పత్రాల లాగే డాక్యుమెంట్ కంట్రోల్‌లోకి రావాలి. ఏ మోడల్, ఏ వెర్షన్, ఏ ప్రాంప్ట్, ఏ తేదీ అన్నది భద్రపరచాలి. ఆ పని స్వయంగా చేసిన అనుభవమున్న మనిషి ప్లాంటులో నిలబడి ఒక్కో మెట్టూ సరిచూసి సంతకం పెట్టేదాకా అది అమల్లోకి రాకూడదు. తెలుగు, హిందీ, ఒడియాల్లోకి అనువదించినప్పుడు ఆ భాష మాట్లాడే కార్మికుడు చదివి తనకేం అర్థమైందో చెప్పాలి, చెప్పింది పర్మిట్‌తో సరిపోవాలి. కాలేజీలు ఈ నైపుణ్యాన్ని తప్పకుండా నేర్పాలి, సాంకేతిక రచనలో భాగంగా, ఆ పేరుతోనే నేర్పాలి. సంగారెడ్డి జిల్లా కెమికల్ డిప్లొమా విద్యార్థికి ముందు రియాక్టర్ తెలియాలి, తర్వాత దాని గురించి ఏఐని ఎలా అడగాలో తెలియాలి. వరస తారుమారైతే జవాబు తప్పో ఒప్పో తేల్చే శక్తి అతడికి ఎప్పటికీ రాదు.

ఈ పని చేసేవాళ్లంటే నాకు గౌరవమే. ఆలోచనను సూటిగా మాటల్లో పెట్టడం కష్టమైన విద్య, మంచి ఎస్ఓపీ రాసేవాడికి ఇది బాగా తెలుసు. అలాంటివాడికి ఏఐ మంచి పనిముట్టు. ఎప్పుడో ఒక రోజు ఈ పనికి కూడా హద్దు అంకెలు రావచ్చు, మోడల్‌తోపాటు పరీక్షా పత్రం రావచ్చు, విఫలమైతే ఫలానా మనిషి జవాబు చెప్పాలని చట్టం రాయవచ్చు. ఆ రోజున దీన్ని ఇంజినీరింగ్ అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంతవరకు ఆ బిరుదును కోర్సు ఫీజుతో అమ్మడం ఆపాలి. కొనబోయే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న అడగాలి: ఈ సూచన తప్పయితే కాగితం మీద ఎవరి పేరు ఉంటుంది? ఆ పేరు చెప్పలేని చోట ఇంజినీరింగ్ జరగడం లేదు.